ఆదివారం పొద్దున పదింటికి

“డ్రైవర్ అప్‌డేట్ జేసి కంప్యూటర్ ఖరాబ్ జేసినవ్. లాగిన్ గూడ అయితలేదు. రేపట్నుంచి పనికి రాకు!” అఫ్జల్‌గంజ్ జిరాక్స్ దుకాణంలో, గిరాకీలందరి ముందర యజమాని జగదీశ్వర్ రూతమ్మ మీద అరిచాడు.

“నేను జెయ్యలే అన్నా.”

“నువ్వు గాక ఇంకెవరు జేస్తరు?”

రూతమ్మ కుర్చీలోంచి కదల్లేదు. కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో తెరిచి, పాత డ్రైవర్‌నే మళ్ళీ ఎక్కించింది. ఈసారి లాగిన్ అయింది. అప్‌డేట్ ఎప్పుడు జరిగిందో వెతికి చూసింది. ఆదివారం, పొద్దున పదింటికి.

“గప్పుడు నేను చర్చిల పాట పాడుతున్న. దుకాణం తాళంచెవి నీ దగ్గరనే ఉంటది గద?”

జగదీశ్వర్ గొంతు తగ్గించాడు. “సరే తియ్, అయిందేదో అయింది. పని జూస్కో.”

రూతమ్మ మానిటర్‌ను గిరాకీల దిక్కు తిప్పింది.

“గట్ల గాదన్నా. తిట్టిన గొంతుతోనే జెప్పు.”