తులసికోట మీద నీడ

గది కట్టుకోవడానికి నేను పెట్టిన దరఖాస్తును తిరస్కరించారని మా గేటే వీధంతా వినేలా చదివింది. ఈ రోజుల్లో అన్ని గేట్లూ అంతే. మేడమెట్లు ఎక్కలేని మా ఆవిడ కోసం కింద ఒక్క గది అడిగాను. ఎందుకు కాదన్నారో కూడా గేటే చదివింది.

"పక్కింట్లో గది కడితే మీ తులసికోట మీద నీడ పడుతుందని మూడేళ్ల క్రితం అభ్యంతరం పెట్టింది మీరే. అప్పటి నుంచి వీధంతటికీ అదే నియమం. పక్కింటి పైడిరాజు గారు ఒప్పుకుని వేలిముద్ర వేస్తే అనుమతి ఇస్తాం."

పైడిరాజు ఆ గది అడిగింది మంచం పట్టిన తండ్రి కోసం. అప్పటికే మా కోటలో తులసి ఎండిపోయి ఏడాదైంది. ఆ పెద్దాయన పోయాక గానీ మేడ దిగలేదు.

నేను పిలవకుండానే పైడిరాజు బయటికొచ్చాడు. గేటు చదివింది అతనూ విన్నాడు.

"వేలెక్కడెట్టాల మాస్టారూ?"

గేటు మీద చోటు చూపించాను. తలెత్తలేకపోయాను. అతను వేలిముద్ర వేసి, వెళ్లబోతూ ఆగాడు.

"మా నాన్న గదికని తెచ్చిన ఇటుకలు పెరట్లో అలాగే ఉండిపోనాయి. పట్టుకెళ్లండి."