రెక్క కారులో ఎడమ సీటు

ఐర్లండ్‌లోని ఎన్నిస్ ఊరి శివార్లలో పాత కార్ల ప్రదర్శన ముగిసేసరికి బాగా చీకటి పడింది. డాక్టర్ రంగనాథ్ మనసు మాత్రం నిండుగా ఉంది. గాలిని చీల్చే కోసు ముక్కు, వెనక ఎత్తయిన రెక్క ఉన్న అతని 1970 నాటి అమెరికా కారు చుట్టూ రోజంతా వాదనలే. సగంమంది కళ్లప్పగించి చూశారు. మిగతావాళ్లు పగలబడి నవ్వారు.

"వింగ్ కాదంకుల్ అది, బట్టలారేసుకునే దండెం!" అంది లిమరిక్‌లో ఎమ్మెస్ చదువుతున్న నవీన, వెళ్లిపోతూ.

"ఈ వానల ఊళ్లో దండెం కూడా లగ్జరీయేనమ్మా," అని సాగనంపాడు.

మైదానంలో అతనొక్కడే మిగిలాడు. అలవాటు కొద్దీ కుడి తలుపు తీసి కూర్చున్నాడు. స్టీరింగ్ కోసం చెయ్యి చాపితే ఖాళీ. అమెరికా బండికి స్టీరింగ్ ఎడమవైపు కదా! కొని ఏడేళ్లయినా ఈ పొరపాటు పోలేదు. తనలో తనే నవ్వుకున్నాడు.

ఎడమ సీటు బెల్టు టిక్కుమంది. ఇంజన్ మెల్లగా గుర్రుమంది.

"గ్రాండ్ కార్," అంది ఆ చీకట్లోంచి ఓ ముసలి గొంతు, మురిపెంగా.

చిత్రంగా, రంగనాథ్‌కి ముందు సంతోషమే కలిగింది. తాళంచెవి తన గుప్పిట్లోనే ఉందని ఆ తర్వాత గుర్తొచ్చింది.