కుర్చీలు వేసిన మురుగుకాలువ

"మాస్టారూ, ఈ ఇంగ్లీషు కాయితం కాస్త చదివిపెడతారా?"

గుమ్మం దగ్గర నలభై దాటిన మనిషి. చెప్పులు బయటే విడిచి, కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

ఇంగ్లీషు మాస్టారు ట్యూషన్ పిల్లల్ని అప్పుడే పంపించి కుర్చీలో వాలబోతున్నాడు.

"ఎక్కడిదమ్మా ఇది?"

"బస్టాండు ఆఫీసులో ఇచ్చారండీ. వెయిటింగ్ హాలు తుడిచే పని నాది. తొమ్మిదేళ్ళయింది. మొన్న తీసేశారు. ఎవరో పేపర్లో రాశారట. నేనేం తప్పు చేశానో తెలుసుకుందామని."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాడు.

అందులో ఉన్నవి తను పేపరుకి రాసిన ఉత్తరంలోని మాటలే. అచ్చయిన రోజున నలుగురికీ చూపించుకుని తెగ మురిసిపోయాడు. వర్ణన అంటే ఇలా ఉండాలని పిల్లలచేత బట్టీ కూడా పట్టించాడు. ఆ హాల్లో తను ఉన్నది మాత్రం పట్టుమని పది నిమిషాలు.

బస్టాండు అధికారి ఆ వర్ణనల్ని ఒక్కొక్కటీ విడదీసి, నంబర్లు వేసి, ఆరోపణలు చేసి పెట్టాడు.

"చదవండి మాస్టారూ."

"ఒకటి. ఇది హాలు కాదు, కుర్చీలు వేసిన మురుగుకాలువ."

"అమ్మో!"

"రెండు. కంపు మనిషి కాలరు పట్టుకుని బయటికి గెంటుతుంది. మూడు. నేలంతా చిత్తడి, మొసళ్ళు ఒక్కటే తక్కువ."

"మొసళ్ళా? నేను కుక్కని కూడా రానిచ్చేదాన్ని కాదే!"

"నిజం మొసళ్ళు కాదమ్మా. ఊరికే పోలిక. ఇంగ్లీషులో అలా రాస్తే అందం."

"అందంగా ఉందా మాస్టారూ?"

మాస్టారికి సిగ్గేసింది. అది కప్పిపుచ్చుకోవడానికి కాస్త గట్టిగానే అడిగాడు.

"అయినా ఆ రోజు నేలెందుకు తుడవలేదు? కాలు జారిందని కూడా రాశారు ఇక్కడ."

"తుడవలేదండీ, నిజమే. బస్సు దిగిన ఓ పెద్దావిడ లోపలికి వస్తూనే వాంతి చేసుకుని, కళ్ళు తిరిగి పడిపోయింది. కొడుకొస్తాడంటుంది, గంటయినా రాడు. నా చెయ్యి వదలదు. తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ముందు మనిషా, నేలా, మీరే చెప్పండి. కాస్త తేరుకున్నాక కుర్చీలో కూర్చోబెట్టి బకెట్టు కోసం వెళ్ళాను. వచ్చేసరికి కొడుకొచ్చి తీసుకెళ్ళిపోయాడట."

"ఈ మాట ఆఫీసులో చెప్పలేదా?"

"చెప్పాను. ఆ పెద్దావిడ చేత చెప్పించమన్నారు. ఎక్కడని వెతకను? ఈలోగా నా చోట్లో వేరే మనిషిని పెట్టేసుకున్నారు. పోనీలెండి."

కాగితం మడిచి కొంగున ముడేసుకుంది. చెప్పుల్లో కాళ్ళు పెట్టబోతూ ఆగింది.

"ఆవిడకెలా ఉందో ఏమో, పాపం."

"మా అమ్మకి ఇప్పుడు బాగానే ఉందమ్మా," అన్నాడు మాస్టారు, తలెత్తలేక.