ఎర్రతాడు చెంచా

"నీకో చెంచా... నాకో చెంచా..."

చిట్టి టీచరు జావ గిన్నె పట్టుకుని కూర్చుంటే ఎంత మొండి పిల్లాడైనా నోరు తెరవాల్సిందే. ఒక చెంచా వాడి నోట్లో, అదే చెంచాతో ఇంకోటి తన నోట్లో. ఆ క్రెష్‌లో పిల్లలకి అన్నం తినిపించడంలో ఆమెకి సాటి లేరు.

బుజ్జిగాడి ఎంగిలి చెంచా నోట్లో ఉండగానే ఎవరో భుజం తట్టారు.

తిరిగి చూస్తే నిదానమ్మ.

ఎదురుగా ఉన్న కళ్ళజోళ్ళ షాపు ఆవిడది. ఎవరితో మాట్లాడినా సూటిగా ముఖంలోకి చూస్తూ, ఒక్కో మాటా విడగొట్టి నిదానంగా పలుకుతుంది. 'మనమేమన్నా చెవిటివాళ్ళమా?' అని వెనకాల నవ్వుకుని వీధివాళ్ళు పెట్టిన పేరది.

"కడుపుతో ఉన్నావు కదమ్మా. పిల్లల ఎంగిలి తినకు," అంది నిదానమ్మ.

"పసిపిల్లలకి ఎంగిలేంటండీ? దేవుళ్ళతో సమానం."

"దేవుళ్ళకీ ముక్కు కారుతుంది తల్లీ! వీళ్ళ ఉమ్ములో, ఉచ్చలో ఒక వైరస్ ఉంటుంది. వీళ్ళకేం కాదు. నీకూ మామూలు జ్వరంలా వచ్చి పోతుంది. లోపలున్న బిడ్డకే ముప్పు. నీ చెంచా వేరే పెట్టుకో. ముద్దు మూతి మీద కాదు, నుదుటి మీద పెట్టు. డైపర్ మార్చాక సబ్బుతో చేతులు కడుక్కో."

చిట్టి టీచరుకి ఒళ్ళు మండింది. ఇంతమంది తల్లులు మెచ్చుకునే పనికి ఈవిడా వంకలు పెట్టేది?

"మీకూ పిల్లలుంటే తెలిసేదిలెండి," అనేసింది.

నిదానమ్మ వెనుదిరిగి రోడ్డు దాటి వెళ్ళిపోయింది.

"బాగా గడ్డి పెట్టావు," అంది పెద్ద టీచరు. "ఒంటి మనిషి. ఆ షాపులోకి ఆవిడని చూడ్డానికి ఒక్క పిల్లైనా, పిల్లాడైనా రావడం ఎప్పుడన్నా చూశామా?"

మర్నాడు నిదానమ్మ మళ్ళీ వచ్చింది. చేతిలో ఒక కొత్త చెంచా. దాని కాడకి, కళ్ళజోడు మెడలో వేలాడదీసుకునే ఎర్రతాడు ముక్క ముడేసి ఉంది.

"ఇది నీది. మర్చిపోకుండా గుర్తు కట్టాను."

చిట్టి టీచరు మొహమాటానికి తీసుకుని, ఆవిడ గడప దాటగానే బొమ్మల అలమర పైకి విసిరేసింది.

ఆ నెలలోనే ఆమెకి జ్వరం తగిలింది. గొంతు నొప్పి, ఒళ్ళంతా నీరసం.

"కడుపుతో ఉన్నవాళ్ళకి నీరసం కాక హుషారుంటుందా?" అంది అత్తగారు. నాలుగు రోజులకి తగ్గిపోయింది. అందరూ మర్చిపోయారు.

కొన్నాళ్ళకి కళ్ళజోళ్ళ షాపు షట్టరు దిగింది. మళ్ళీ లేవలేదు.

"ఏదో జబ్బు చేసి పోయిందట," అంది పెద్ద టీచరు.

"అయ్యో, పాపం," అని చిట్టి టీచరు జావ కలపడంలో పడిపోయింది.

నెలలు నిండాయి. పాప పుట్టింది.

పదో రోజున వంటింట్లో అత్తగారి చేతిలోంచి స్టీలు పళ్ళెం జారి పడింది. ఇంట్లో అందరూ ఉలిక్కిపడ్డారు. పాప రెప్ప కూడా కదపలేదు.

"మొద్దునిద్ర! అచ్చం వాళ్ళ నాన్నే," అని అత్తగారు మురిసిపోయింది.

చిట్టి టీచరు నవ్వలేదు. ఆమె పెంచిన పసివాళ్ళు ఒకరా ఇద్దరా? పళ్ళెం తీసి మళ్ళీ పడేసింది. ఇంకోసారి పడేసింది. పాప హాయిగా నిద్రపోతోంది.

డాక్టరు పాప ఉమ్ము, మూత్రం పరీక్ష చేయించింది.

"సైటోమెగలో వైరస్ అంటారు. నీ ద్వారానే బిడ్డకి సోకింది. కడుపుతో ఉన్నప్పుడు జ్వరమేమైనా వచ్చిందా?"

"వచ్చింది... తగ్గిపోయింది."

"అప్పుడే రక్తపరీక్ష చేసి ఉంటే పట్టుకునేవాళ్ళమేమో. కడుపుతో ఉన్న తొలి నెలల్లో వాడి చూసే మందు కూడా ఉంది. సరే, ఇప్పుడైనా త్వరగానే వచ్చావు. ఇవాళే పాపకి మందు మొదలుపెడదాం. పోయిన వినికిడి తిరిగి రాకపోవచ్చు, ఉన్నదాన్ని నిలబెట్టుకోవచ్చు. నీ తప్పు కాదమ్మా, చాలామందికి ఈ సంగతే తెలీదు. నీకూ ఎవరూ చెప్పలేదు కదా?"

చిట్టి టీచరు తల దించుకుంది.

వినికిడి పరీక్ష గదిలో ఉన్నది ఒక పడుచు అమ్మాయి. ఆమె రెండు చెవుల వెనకా చిన్న మిషన్లున్నాయి. కుర్చీ జరుపుకుని, సూటిగా ముఖంలోకి చూస్తూ, ఒక్కో మాటా విడగొట్టి పలికింది.

"మాట్లాడేటప్పుడు తల తిప్పకండి. మీ పెదవులు చూస్తేనే నాకు అర్థమవుతుంది."

ఈ పలుకు ఎక్కడ విన్నదో చిట్టి టీచరుకి తెలుసు.

పరీక్ష చాలాసేపు సాగింది.

"కుడి చెవిలో కొంచెం మిగిలింది. కాపాడుకుందాం," అంది ఆ అమ్మాయి. "పాపతో ఎదురుగా కూర్చుని, నిదానంగా మాట్లాడండి. మా అమ్మ నాతో అలాగే మాట్లాడేది. అది అలవాటైపోయి చివరికి వీధిలో అందరితోనూ అలాగే మాట్లాడేదట."

సొరుగు తెరిచి ఒక చెంచా తీసి ఇచ్చింది. దాని కాడకి ఎర్రతాడు ముడేసి ఉంది.

"మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా కడుపుతో ఉంటే ఇవ్వండి. వాళ్ళు కసురుకున్నా సరే, ఇచ్చే రావాలనేది అమ్మ."

చిట్టి టీచరు చెంచా అందుకుని ఆ ఎర్రతాడు ముడి తడిమి చూసింది.

"ఆవిడకి... ఇదంతా... ఎలా తెలుసు?"

ఆ అమ్మాయి ఆమె పెదవుల్ని చదివి మెల్లగా నవ్వింది.

"నేను కడుపులో ఉన్నప్పుడు మా అన్నయ్యకి రోజూ అలాగే తినిపించేదట మేడమ్, 'నీకో చెంచా, నాకో చెంచా' అంటూ."