పదిహేడో నంబరు సీసా

ఒంటికి సబ్బు రుద్దుకుంటున్న లిఫ్ట్ మెకానిక్ చేతికి ఎడమ చనుమొన కింద గోలీకాయంత గడ్డ తగిలింది.

గబగబా కుడివైపు తడుముకున్నాడు. అక్కడా ఉంది. నొక్కితే ప్రాణం జివ్వుమంది. అద్దం మీద ఆవిరి తుడిచి చూసుకున్నాడు. గడ్డలే కాదు, ఛాతీ మొత్తం మెత్తగా ఉబ్బింది.

తల మీద రావాల్సింది రాలేదు. ఛాతీ మీద రాకూడనిది వచ్చింది.

బట్టతలకు మూలికా మందును పరీక్షించే కేంద్రమది. అరవై రోజులు లోపలే ఉండాలి. ఏ నిబంధన తప్పినా కేసు పెడతామని చేరేటప్పుడే సంతకం తీసుకున్నారు. గదికి ఇద్దరు. మనిషికో నంబరు, నంబరుకో సీసా, రోజుకో క్యాప్సూల్. సీసాలు మంచాల పక్కనే ఉంటాయి, రోజూ నర్సు వచ్చి ఎదురుగా మింగిస్తుంది. సగం సీసాల్లో మందు, సగం సీసాల్లో ఉత్త పిండి. ఏది ఎవరికి వచ్చిందో మింగేవాళ్ళకే కాదు, మింగించే డాక్టరమ్మకూ తెలియదు. ఆ గుట్టు బీరువాలో, సీలు వేసిన కవర్లలో ఉంది.

ఇది నలభయ్యో రోజు. ఇంకో నెలలో మెకానిక్ పెళ్ళి. పెళ్ళికూతురు అతన్ని ఎప్పుడూ టోపీతోనే చూసింది.

గదిలోకి వచ్చి చొక్కా మీద చొక్కా తొడుక్కున్నాడు.

"ఉక్కపోతతో చస్తుంటే రెండు చొక్కాలేంట్రా?" అన్నాడు పక్క మంచం మీది సెలూన్ బాబాయ్. జుట్టు కత్తిరించేవాడికే జుట్టు లేకపోతే గిరాకీలు నమ్మడం లేదని వచ్చి చేరిన మనిషి.

"చలిగా ఉంది బాబాయ్. అవునూ, మీకు ఒంట్లో ఎక్కడా తేడాగా లేదు కదా?"

"ఉక్కుముక్కలా ఉన్నాను. తల కూడా ఉక్కే, నున్నగా!"

ఆ రోజు నుంచి మెకానిక్ క్యాప్సూల్‌ని నాలుక కింద దాచి, నర్సు వెళ్ళగానే ఉమ్మేయడం మొదలుపెట్టాడు. అయినా వాపు దిగలేదు. లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళను తలుపులు విడదీసి బయటికి లాగే చేతులవి. ఇప్పుడు సొంత ఒంట్లోనే ఇరుక్కున్నాడు. దీనికి తలుపు ఎక్కడుందో తెలియడం లేదు.

నాలుగో రోజు సెలూన్ బాబాయ్ గడ్డం గీస్తానని కూర్చోబెట్టి, నురుగు పూసి, కాలర్ లోపల తువ్వాలు దోపబోతూ వాచిన ఛాతీ చేతికి తగిలి ఆగిపోయాడు.

"ఒరేయ్, ఏంట్రా ఇది?"

"అరవకండి బాబాయ్, మీకు దండం పెడతాను."

"దండం తర్వాత పెడుదువు గానీ, ముందు పద!" అంటూ నురుగు మొహంతోనే డాక్టరమ్మ గదికి లాక్కెళ్ళాడు.

ఆమె పరీక్షించింది. మొహం గంభీరంగా పెట్టింది.

"మూలికలు కదా, హాని చేయవనుకోకూడదు. కొన్ని హార్మోన్లతో ఆడుకుంటాయి. మీ కవరు తెరవాలి."

"వద్దు మేడమ్!" మెకానిక్ కుర్చీలోంచి లేచాడు. "తెరిస్తే నన్ను పంపించేస్తారుగా? మందు మానేస్తాను. దీనికి విరుగుడేదో ఇవ్వండి, చాలు."

"ఏం వేసుకున్నారో తెలియకుండా విరుగుడు ఎలా ఇస్తాను?"

"నా కవరూ తెరవండి డాక్టరమ్మా. తోడుగా ఉంటుంది వాడికి," అన్నాడు సెలూన్ బాబాయ్.

"మీకేం కాలేదుగా, మీది అవసరం లేదు."

ఆమె అతని పదిహేడో నంబరు కవరు చించింది. చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది.

"మీది పిండి సీసా. ఇన్ని రోజులుగా మీరు మింగింది ఉత్త పిండి."

సెలూన్ బాబాయ్ ఎగిరి గంతేశాడు. "బతికావు పోరా! అయితే మందు వల్ల కాదన్నమాట!"

డాక్టరమ్మ నవ్వలేదు. "మందు వల్ల కాకపోవడమే ప్రమాదం. ఈ వయసులో, ఏ మందూ వాడకుండా ఇలా వాచిందంటే, లోపల ఎక్కడో కణితి హార్మోన్లు తయారు చేస్తుండాలి."

మెకానిక్ బల్ల మీది చిరిగిన కవరు వైపు చూశాడు.

రక్తం తీశారు. హార్మోన్లు తలకిందులుగా ఉన్నాయి. పెద్దాసుపత్రికి పంపితే స్కాన్‌లో కుడి వృషణం మీద చిన్న మచ్చ కనిపించింది. మచ్చో, నీడో తేల్చి చెప్పలేమన్నారు.

"కోసి చూస్తాం. అనుమానంగా ఉంటే తీసేస్తాం," అన్నాడు సర్జన్, గోరు తీస్తానన్నంత తేలిగ్గా. "ఇంకోటి ఉంటుందిగా. పెళ్ళికి అడ్డేం లేదు."

మర్నాడు పొద్దున్నే ఆకుపచ్చ గౌను తొడిగి స్ట్రెచర్ ఎక్కించారు. సెలూన్ బాబాయ్ అనుమతి తీసుకుని మరీ వచ్చాడు. కారిడార్ పొడవునా అతని చెయ్యి పట్టుకుని నడిచాడు.

"నీ జబ్బేదో నాకు వచ్చినా బాగుండేది. పెళ్ళి కావాల్సిన కుర్రాడివి," అన్నాడు.

మెకానిక్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

థియేటర్ తలుపులు తెరుచుకున్నాయి. నెత్తిన దీపాలు వెలిగాయి. వెంట వచ్చిన డాక్టరమ్మ తల దగ్గర నిలబడింది. మత్తు సూది మోచేతి మడతలో చురుక్కుమనబోయే క్షణంలో మెకానిక్ ఆమె కోటు గట్టిగా పట్టుకున్నాడు.

"కొయ్యనివ్వకండి మేడమ్, చేరిన రోజే నా క్యాప్సూల్ విప్పి చూస్తే తెల్లటి పిండి, బాబాయ్‌ది విప్పితే పచ్చటి చేదుమందు, ఆయన స్నానానికి వెళ్ళగానే ఆయన సీసాలోవన్నీ నా సీసాలో పోసుకుని, నావి ఆయనకి పోసింది నేనే!"