గడప దాటిన పాట

"ఫోను టేబుల్ మీద పెట్టి గడప దాటితే చాలు, పాట పుటుక్కున తెగుతుంది! మీ కంపెనీ ఫోన్లకి నువ్వు రాసే బ్లూటూత్ ఇదేనా?" భార్య విరుచుకుపడింది.

"ఇంకొక్క బగ్గే ఉంది."

"దాంతోనే కాపురం చేసుకో. నేను మా అక్క దగ్గరికి పోతున్నా!"

ఫోను వదిలేసి, చెవుల్లో ఇయర్‌బడ్స్‌తోనే విసవిసా మెట్లు దిగింది.

గేటు దాటింది. పాట ఆగలేదు. వీధి మలుపు తిరిగినా ఆగలేదు. బస్‌స్టాప్ చేరేసరికి కోపం సగం దిగిపోయింది. 'మొత్తానికి సాధించాడు మా ఆయన! అనవసరంగా నోరు పారేసుకున్నా' అనుకుంటూ వెనక్కి తిరిగింది.

వెనకే మొగుడు. కాళ్లకి చెప్పుల్లేవు, చేతిలో ఆవిడ ఫోను.

"బగ్గు?"

"అలాగే ఉంది. పాట తెగితే మళ్లీ తిడతావని వెంటే వస్తున్నా."

బస్సొచ్చింది. ఆవిడ ఎక్కి, మూతి ముడుచుకునే కండక్టర్‌తో అంది: "రెండు టికెట్లివ్వండి. పాట ఇంకా అవలేదు."