వదలని యాస

ఫిడేలు సోమవారమే పోయింది. స్టీల్ గిటార్‌ను ఆ మర్నాడు పీకేశారు. బాంజో ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు. పాటలో ఒక కంచర గాడిద ఉండేది. దాని చోట ఇప్పుడు తెల్ల కారు నిలబడింది. కంట్రీ పాట, అంటే అమెరికా పల్లెపాట, దేశమంతా మోగాలంటే ఇవన్నీ తప్పవట.

ఇక మిగిలింది పాడే అమ్మాయి ఓపల్ నోట్లోని యాస.

నాష్‌విల్ స్టూడియోలో అద్దానికి ఇవతల కూర్చున్నాడు ట్రెంట్. కంట్రీ పాటను పాప్ పాటగా మార్చమని కంపెనీ లాస్ ఏంజెలెస్ నుంచి పంపిన మనిషి. ఇక్కడికి వచ్చాక కౌబాయ్ బూట్లు కొన్నాడు. వాటికి ఇంకా మట్టితో పరిచయం కాలేదు.

అతని పక్కన వెర్లీన్. పాడేవాళ్ల ఉచ్చారణ దిద్దడం ఆమె వృత్తి. ఈ ఊళ్లో సగం నాలుకలు ఆమె చేతిలో సాగినవే.

అద్దం అవతల ఓపల్ పాడింది. ఒక్క ముక్కలో అయిపోయే మాటను నాలుగు మెలికలు తిప్పి వదిలింది.

ట్రెంట్ తల పట్టుకున్నాడు. "మేడమ్, న్యూజెర్సీలో కారు నడుపుకుంటూ పోయేవాడికి కూడా ఇది అర్థం కావాలి. ఈ అమ్మాయి కోళ్లను పిలుస్తున్నట్టుంది."

"గట్టిగా పట్టిన యాస బాబూ. అంత తొందరగా పోదు," అంది వెర్లీన్, కాస్త గర్వంగానే.

"సాయంత్రంలోగా పోకపోతే ఈ అమ్మాయే పోతుంది. ఇంకొకామె సిద్ధంగా ఉంది."

ఓపల్ బయటికి వచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయి.

"నోరు తిరగట్లేదు వెర్లీనమ్మా. వద్దనుకున్న కొద్దీ అదే వస్తోంది. నిద్రలో కూడా ఇలాగే పలవరిస్తున్నానంట."

"పాపం, తనేం చేస్తుంది," అన్నాడు ట్రెంట్ జాలిగా. "కెంటకీ కొండల్లో పుట్టిన పిల్ల. రక్తంలోనే ఉంది. బొగ్గుగని పక్కన ఇల్లు, అరుగు మీద బాంజో వాయించే అమ్మమ్మ. కంపెనీ వేసిన కరపత్రంలో ఆ అమ్మమ్మ కథ చదివి నాకు ఏడుపొచ్చింది."

"నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి," అంది వెర్లీన్. ఓపల్ వైపు తిరిగింది. "అమ్మాయ్, మీ అమ్మకు ఫోన్ చెయ్యి. ఓ పావుగంట కడుపునిండా పోట్లాడు. అటునుంచి అటే మైకు దగ్గరికి వెళ్లిపో. మధ్యలో ఎవరితోనూ మాట్లాడకు."

ఓపల్ బెదురుగా చూసింది. "ఇక్కడి నుంచా?"

"ఆ చివరి గదిలోకెళ్లు. తలుపేసుకో."

ట్రెంట్ నోరు వెళ్లబెట్టాడు. "తల్లితో మాట్లాడితే ఉన్న యాసకు ఇంకో గంపెడు తోడవుతుంది మేడమ్. దానికంటే గాడిదనే వెనక్కి తెచ్చుకుందాం."

"గాడిదలకేం, ఎప్పుడైనా దొరుకుతాయి. కాసేపు ఓపిక పట్టండి."

మూసిన తలుపు వెనక గొంతు పెరిగింది, తగ్గింది, మళ్లీ పెరిగింది. మాటలు మాత్రం వినబడలేదు. ఓపల్ ఎర్రటి మొహంతో వచ్చి, ఎవరినీ చూడకుండా మైకు ముందు నిలబడింది.

పాడింది.

కడిగి బోర్లించిన గిన్నెల్లా వచ్చాయి మాటలు. వెతికినా కొండగాలి లేదు. ట్రెంట్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

"ఇప్పుడర్థమైంది. అమ్మ గట్టిగా చెబితే కొండ మనుషులు రక్తాన్నయినా మార్చుకుంటారు," అన్నాడు. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు నుదురు రుద్దుకున్నాడు. "కానీ మేడమ్, కంట్రీ అవార్డుల సభలో మళ్లీ ఆ పాత యాసే కావాలి. లేకపోతే అసలు సిసలు కంట్రీ జనం నొచ్చుకుంటారు. అప్పటికి తిరిగి తెప్పించగలరా?"

"తెప్పించొచ్చు," అంది వెర్లీన్, చేతిసంచీ భుజానికి తగిలించుకుంటూ.

కిందటేడు తన వంటింట్లో కూర్చోబెట్టి, న్యూజెర్సీ నుంచి దిగిన ఈ పళ్ల డాక్టరమ్మ కూతురు ఓపల్ నోటికి మాటమాటకీ ఆ యాస అంటించింది వెర్లీనే మరి.